మూయలేని చిల్లు: రేసింగ్ కార్ట్ కార్బ్యురేటర్ గొట్టాల వెనక ఉన్న కథ

ఈ ఎపిసోడ్ ఒక గొట్టం గురించి. అవును, గొట్టమే. చిటికెన వేలి కన్నా సన్నగా ఉండే మామూలు రబ్బరు గొట్టం. దాని గురించి అంతసేపు ఏం మాట్లాడతావ్ అంటారేమో, కాస్త ఓపిక పట్టండి. ఈ కథలో ఇటలీ శాస్త్రవేత్తలున్నారు, యుద్ధ విమానాలున్నాయి, చెట్లు కోసే రంపం ఉంది, లండన్ బ్రిడ్జిని కొనుక్కెళ్ళిన ఒక ఆసామీ కూడా ఉన్నాడు.

ముందు ఆ గొట్టం ఎక్కడుందో చూద్దాం. రేసింగ్ కార్ట్‌లలో కేజెడ్ అని ఒక తరగతి ఉంది. 125 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, దానికి గేర్లు. అందులో వాడే కార్బ్యురేటర్ ఇటలీ కంపెనీ డెల్లోర్టో చేసిన వీహెచ్‌ఎస్‌హెచ్ 30. దాన్ని దగ్గరగా చూస్తే పక్కల నుంచి సన్నటి గొట్టాలు బయటికి వస్తాయి. వాటిని అలా తిప్పి, ఇలా కట్టి, చివరికి ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలోకి దింపుతారు. ఇంజన్‌కి పెట్రోల్ ఆ గొట్టాల్లోంచి వెళ్ళదు. ఇంజన్ గాలి పీల్చుకునేదీ వాటిలోంచి కాదు. మరి వాటి పనేంటి? పీకేస్తే ఏమవుతుంది? మూసేస్తే ఏమవుతుంది?

మూసేస్తే ఇంజన్ కాసేపటికి ఆగిపోతుంది. ఎందుకో తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళాలి.

15 లీటర్ల నూనె డబ్బా కొత్తది తెచ్చినప్పుడు ఇంట్లో ఏం చేస్తారు? మేకు పెట్టి ఒక మూల చిల్లు కొడతారు. వంచితే నూనె గుడగుడమని కాస్త వచ్చి ఆగిపోతుంది. అప్పుడు ఎదుటి మూలలో రెండో చిల్లు కొడతారు. ఇక నూనె సన్నటి ధారలా, ఆగకుండా వస్తుంది. ఆ రెండో చిల్లులోంచి నూనె చుక్క కూడా రాదు. అది గాలి లోపలికి వెళ్ళడానికి. లోపల ఖాళీ అయిన చోటికి బయటి గాలి రాకపోతే, బయటి గాలే నూనెని లోపలికి నొక్కి పట్టేస్తుంది. కార్బ్యురేటర్ మీద ఉండే వెంట్ అంటే ఆ రెండో చిల్లే. అంతకు మించి రహస్యం ఏమీ లేదు.

కానీ ఆ చిల్లుతో ఒక చిక్కుంది. గాలి లోపలికి వెళ్ళే దారి ఉందంటే, పెట్రోల్ బయటికి వచ్చే దారీ ఉన్నట్టే. చిల్లు మూయలేం. తెరిచి వదిలేయనూ లేం. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది ఒక్కటే: కార్బ్యురేటర్ చరిత్రలో పెద్ద భాగం ఆ చిల్లుని ఎటు తిప్పాలన్న గొడవే. దాంట్లోంచి కారింది ఎవరి మీద పడుతుంది అన్నదే అసలు ప్రశ్న.

ఇక మొదటి నుంచి వద్దాం.

1643 ప్రాంతంలో ఇటలీలో టోరిచెల్లి పాదరసం గొట్టంతో బారోమీటర్ చేశాడు. మన చుట్టూ ఉన్న గాలికి బరువుందని, అది అన్నిటినీ నొక్కుతూ ఉంటుందని దాంతో తేలింది. ఆ ఒత్తిడి ఎంతంటే, సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటర్ మీద దాదాపు ఒక కేజీ బరువు పెట్టినంత. 1738లో డేనియల్ బెర్నూలీ హైడ్రోడైనమికా అనే పుస్తకం వేశాడు. ప్రవాహం వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుందన్న సూత్రాన్ని ఆయన పేరుతోనే పిలుస్తాం. 1797లో ఇటలీకే చెందిన వెంచూరి, మధ్యలో సన్నబడే గొట్టంలో ద్రవం ఎలా ప్రవర్తిస్తుందో రాశాడు. ఈ ముగ్గురిలో ఎవరికీ పెట్రోల్ ఇంజన్ అంటే ఏంటో తెలీదు. కానీ కార్బ్యురేటర్‌లో ఈ ముగ్గురూ ఉన్నారు.

ఎలాగో చూడండి. కార్బ్యురేటర్ కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది. ఫ్లోట్ బౌల్ అంటారు. అందులో పెట్రోల్, పెట్రోల్ మీద తేలే ఒక ఫ్లోట్. మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకులో తేలే బంతి ఉంటుంది కదా, నీళ్ళు నిండగానే వాల్వ్ మూసేస్తుంది. ఇదీ అంతే. పెట్రోల్ తగ్గితే ఫ్లోట్ కిందికి దిగుతుంది, నీడిల్ వాల్వ్ తెరుచుకుంటుంది. నిండగానే మూసుకుంటుంది. గిన్నె పైన గాలి దారి ఉంటుంది, దాని మధ్య భాగం ఇరుకు. ఇంజన్ పీల్చే గాలి ఆ ఇరుకులోంచి వేగంగా పోతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. గిన్నెలో పెట్రోల్ మీద మాత్రం బయటి గాలి ఒత్తిడి మామూలుగా ఉంటుంది. ఈ రెండు ఒత్తిళ్ళ తేడాయే పెట్రోల్‌ని జెట్ గుండా పైకి తోస్తుంది. అంటే ఇంజన్ పెట్రోల్‌ని పీలుస్తుంది అని మనం అనుకుంటాం గానీ, నిజానికి తోసేది బయటి గాలి. ఆ బయటి గాలి గిన్నెలోకి వచ్చే దారే మన వెంట్ గొట్టం.

తొలి రోజుల్లో కార్బ్యురేటర్ ఇలా లేదు. 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో ఉన్నది సర్ఫేస్ కార్బ్యురేటర్. నిలవున్న పెట్రోల్ ఉపరితలం నుంచి లేచే ఆవిరిని గాలి మోసుకెళ్తే, ఆ మిశ్రమం ఇంజన్‌లో మండుతుంది. ఇందులో ఇబ్బంది ఏంటంటే, పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందే వెళ్ళిపోయి, బరువైన భాగం అడుగున మిగిలిపోతుంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, కార్ల్ భార్య, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని అదే రకం బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసిందని చెబుతారు. ఇంధనం గొట్టాల తలనొప్పి కారుతో పాటే పుట్టిందన్నమాట.

గిన్నె, ఫ్లోట్, జెట్ కలిసి మనకి తెలిసిన రూపానికి వచ్చింది 1893లో. హంగరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంక అనే ఇద్దరు ఆ ఏడాది ఫిబ్రవరి 11న పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ మైబాక్ ఆగస్టు 17న పెట్టాడు. ఆరు నెలల తేడా. బుడాపెస్ట్‌లో ఒక పూలమ్మాయి నోటితో గొట్టం ఊది పూల మీద నీళ్ళు చిలకరించడం చూసి వాళ్ళకి ఆలోచన వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో గానీ, సూత్రం మాత్రం అదే.

పెట్రోల్‌ని గిన్నెలో నిలవ పెట్టడం మొదలెట్టగానే రెండు సమస్యలు ఖాయం అయిపోయాయి. ఒకటి, గిన్నెకి గాలి కావాలి, అది వెంట్. రెండు, వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే గిన్నె నిండి పొర్లుతుంది, దానికో దారి కావాలి. అది ఓవర్‌ఫ్లో. నీడిల్ వాల్వ్ కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, పొర్లుడు మొదలవుతుంది. బైక్ మెకానిక్ దగ్గర 'కార్బ్యురేటర్ ఓవర్ అవుతోంది' అనే మాట మీరు వినే ఉంటారు. కొన్ని కార్బ్యురేటర్లలో గిన్నె మధ్యలో నిలువుగా ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. పెట్రోల్ దాని తల దాటితే అందులో పడి కిందికి పోతుంది. మరికొన్నిట్లో వెంట్ గొట్టాలే ఓవర్‌ఫ్లో పని కూడా చేస్తాయి. గాలి వెళ్ళే దారీ, పెట్రోల్ వచ్చే దారీ ఒకటే. కార్ట్ వాళ్ళ కష్టమంతా అక్కడే ఉంది.

పొర్లిన పెట్రోల్‌ని బయటికి పంపడమెందుకు, ఇంజన్‌లోకే పంపచ్చుగా అంటే, కుదరదు. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేస్ నిండిపోతుంది, ప్లగ్ తడిసిపోతుంది. ఫోర్ స్ట్రోక్‌లో సిలిండర్ గోడల మీదుగా దిగి ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేసేస్తుంది. కాబట్టి బయటికి కారడమే మేలు. ఆ బయట ఎక్కడ అనేది మాత్రం డిజైన్ చేసినవాడు అప్పటికి పెద్దగా పట్టించుకోలేదు. రోడ్డు మీదికి, నేల మీదికి. అంతే.

గిన్నెకి ఇంకో బలహీనత ఉంది. అది భూమ్యాకర్షణని నమ్ముకుని పని చేస్తుంది. పెట్రోల్ అడుగున ఉంటుంది, ఫ్లోట్ పైన తేలుతుంది అన్న నమ్మకం మీద నడుస్తుంది. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమో 1940లో బ్రిటిష్ పైలట్లకి తెలిసింది. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల్లో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్, దానికి ఫ్లోట్ కార్బ్యురేటర్. ఎదురుగా జర్మన్ మెసర్‌ష్మిట్ 109, దాంట్లో ఫ్యూయల్ ఇంజెక్షన్. జర్మన్ పైలట్ ముక్కు కిందికి దించి ఒక్కసారిగా డైవ్ కొట్టేవాడు. అలాగే వెంటపడితే మెర్లిన్‌లో పెట్రోల్ గిన్నె పైభాగానికి ఎగిరిపోయేది, జెట్‌కి అందేది కాదు, ఇంజన్ దగ్గేది. ఆ వెంటనే ఫ్లోట్ తలకిందులుగా పని చేసి వాల్వ్‌ని బార్లా తెరిచేసేది, ఇంజన్ పెట్రోల్‌లో మునిగిపోయేది. గాల్లో, శత్రువు వెంట ఉన్నప్పుడు.

దీనికి తాత్కాలిక మందు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు. ఫార్న్‌బరోలో ఉన్న రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఆవిడ ఉద్యోగం. అంతకు ముందే బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద మోటార్ సైకిల్‌తో గంటకి 100 మైళ్ళు దాటి ల్యాప్ కొట్టిన రేసర్. ఆవిడ చేసింది పెద్ద యంత్రమేమీ కాదు. ఇంజన్ పూర్తి శక్తితో నడిస్తే ఎంత పెట్రోల్ కావాలో అంత మాత్రమే పోనిచ్చే చిల్లున్న ఒక చిన్న ఇత్తడి ముక్క. దాన్ని ఇంధనం దారిలో బిగిస్తే, వాల్వ్ బార్లా తెరుచుకున్నా ముంపు రాదు. 1941 మార్చి నుంచి స్థావరాలు తిరిగి వాటిని బిగించారు. సరైన చోట, సరైన కొలతతో ఒక చిల్లు. ప్రాణాలు కాపాడింది అదే.

యుద్ధం అయిపోయాక కథ కాలిఫోర్నియాకి మారుతుంది. 1956లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన తొలి కార్ట్ తయారు చేశాడు. ఇండియానాపొలిస్ రేసు కార్లు చేసే కర్టిస్ క్రాఫ్ట్ కంపెనీలో ఆయన పని చేసేవాడు. స్నేహితుడు లూ బొరెల్లి సాయం చేశాడు. ఉక్కు గొట్టాల ఫ్రేమ్, నాలుగు చిన్న చక్రాలు, గడ్డి కోసే యంత్రాలకి వాడే తరహా 2.5 హార్స్ పవర్ వెస్ట్ బెండ్ టూ స్ట్రోక్ ఇంజన్. సస్పెన్షన్ లేదు. పక్కనే పసడీనా ఊళ్ళో రోజ్ బౌల్ స్టేడియం పార్కింగ్ స్థలంలో జనం వీటిని తోలడం మొదలెట్టారు. రెండు మూడేళ్ళలో అమెరికా అంతా పాకింది.

ఇప్పుడు ఇంజినీరింగ్ చదివిన వాళ్ళు కూడా అంతగా గమనించని ఒక విషయం చెప్తాను. బైక్ కార్బ్యురేటర్‌ని తీసుకెళ్ళి కార్ట్‌కి పెడితే అది వేరేలా ప్రవర్తిస్తుంది. ఎందుకు? బైక్ మలుపులో వాలుతుంది. బండితో పాటు గిన్నె కూడా వాలుతుంది. అందుకని పెట్రోల్‌కి మలుపు తెలీదు, అడుగునే కూర్చుంటుంది. నిండు గ్లాసు పళ్ళెంలో పెట్టుకుని పళ్ళెం తిప్పే వాళ్ళని చూశారు కదా, వంపు సరిగ్గా ఉంటే నీళ్ళు ఒలకవు. కార్ట్ వాలదు. నేలకి అంటుకుపోయి తిరుగుతుంది. మంచి రేసింగ్ కార్ట్ మలుపులో పక్కకి లాగే బలం భూమ్యాకర్షణకి రెండింతలు దాటుతుంది. అంటే గిన్నెలో పెట్రోల్ అడుగున ఉండదు, ఒక పక్క గోడకి ఎక్కేస్తుంది. ఆ గోడకి వెంట్ చిల్లు ఉందనుకోండి, పెట్రోల్ అందులోకే దూరుతుంది. దానికి తోడు స్ప్రింగులు లేని ఫ్రేమ్, ఇంజన్ అదురు. పెట్రోల్ నురగ కడుతుంది, ఫ్లోట్ ఎగిరెగిరి పడుతుంది. వాల్వ్ బాగానే ఉన్నా గొట్టంలోంచి చుక్కలు పడతాయి.

మొదట్లో దీనికి దొరికిన జవాబు చెట్లు కోసే రంపం నుంచి వచ్చింది. చైన్ సాని అడ్డంగా పట్టుకుంటారు, నిలువుగా పట్టుకుంటారు, తిరగేసి పట్టుకుంటారు. గిన్నె ఉన్న కార్బ్యురేటర్ అక్కడ పనికిరాదు. అందుకని ఫ్లోట్ తీసేసి పలచటి పొర పెట్టారు, డయాఫ్రమ్ అంటారు. అమెరికాలో టిల్లట్‌సన్ కంపెనీ వీటికి పేరు. చైన్ సాలు చేసే మెక్‌కలక్ కంపెనీ 1959లో ఎంసీ 10 పేరుతో కార్ట్‌ల కోసం ఇంజన్ దించింది. రంపం ఇంజన్లతో పాటు గిన్నె లేని కార్బ్యురేటర్ కూడా కార్ట్‌కి ఎక్కింది. లండన్ బ్రిడ్జి ఆసామీ ఈయనే. రాబర్ట్ మెక్‌కలక్ 1968లో ఆ బ్రిడ్జిని కొని, రాయి రాయి విప్పించి, అరిజోనాలో లేక్ హవాసు సిటీలో మళ్ళీ కట్టించాడు.

మరి డయాఫ్రమ్ వచ్చాక చిల్లు పోయిందా? పోలేదు. మూత విప్పి చూడండి. పొరకి ఒక వైపు పెట్రోల్, రెండో వైపు గాలి. గాలి వైపు మూతకి సూది మొనంత చిల్లు ఒకటి ఉంటుంది. ఇంజన్ పెట్రోల్ లాగేసుకుంటే, ఆ చిల్లులోంచి వచ్చిన బయటి గాలి పొరని లోపలికి నొక్కుతుంది. పొర ఒక మీటని తోస్తుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. ఆ చిల్లు మట్టితోనో గ్రీజుతోనో పూడుకుపోతే అసలు పని చెడుతుంది. గిన్నె పోయినా చిల్లు పోలేదు, చోటు మారిందంతే. పైగా పెట్రోల్ ట్యాంకుకి వెంట్ ఎలాగూ ఉంటుంది. కార్ట్‌లో ఆ ట్యాంకు డ్రైవర్ కాళ్ళ మధ్య, స్టీరింగ్ కింద ఉంటుంది. అందులోంచి పొర్లితే పడేది తన ఒంటి మీదే.

తర్వాత గిన్నె మళ్ళీ తిరిగొచ్చింది. మోటోక్రాస్ బైకుల దారిలో వచ్చిన 125 సీసీ గేర్ ఇంజన్లకి గిన్నె ఉన్న స్లైడ్ కార్బ్యురేటర్లే పెట్టారు. ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్ తెచ్చిన 125 మ్యాక్స్ ఇంజన్ కూడా డెల్లోర్టో గిన్నె కార్బ్యురేటర్‌తోనే వచ్చింది. దాని పేరు మీద 2000లో మొదలైన పోటీలు ఇండియా దాకా వచ్చాయి. జెట్ మార్చడం తేలిక, మామూలు డ్రైవర్‌కి సర్దుకోవడం తేలిక. అలా గిన్నెతో పాటు వెంట్ గొట్టాల బాధ కూడా తిరిగొచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం, భయపడకండి. కార్ట్ గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఎదురుగాలి ఒత్తిడి ఎంత? సగం ఇంటూ గాలి సాంద్రత ఇంటూ వేగం స్క్వేర్. సెకనుకి 27.8 మీటర్లు, గాలి సాంద్రత 1.2. వచ్చేది సుమారు 460 పాస్కల్స్. వాతావరణ ఒత్తిడితో పోలిస్తే అర శాతం కూడా లేదు. కానీ దాన్ని పెట్రోల్ ఎత్తులోకి మార్చి చూడండి. సుమారు 6 సెంటీమీటర్లు! గిన్నెలో పెట్రోల్ మట్టం ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితేనే ట్యూనింగ్ మారిపోతుందని తలపట్టుకుంటాం. గొట్టం మూతి గాలికి ఎదురుగా పెడితే, లెక్క ప్రకారం 6 సెంటీమీటర్ల పెట్రోల్‌ని అదనంగా పైకి తోసేంత ఒత్తిడి గిన్నెలోకి చేరచ్చు. మూతి పక్క నుంచి గాలి దూసుకుపోతుంటే దానికి వ్యతిరేకంగా, గిన్నెలో ఒత్తిడి తగ్గి ఇంజన్‌కి పెట్రోల్ చాలదు. టూ స్ట్రోక్‌కి పెట్రోల్ తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే, పిస్టన్ పట్టేస్తుంది. స్ట్రెయిట్ చివర్లో ఇంజన్ ఎందుకు పట్టేసిందో తెలియక జెట్లు మార్చుకుంటూ కూర్చునే వాళ్ళు, ముందు గొట్టం మూతి ఎటు చూస్తోందో చూడాలి. రెండు వెంట్‌లూ ఒకే నిశ్చలమైన చోటికి తెరుచుకోవాలి.

ఇంతవరకు ఇంజన్ వైపు నుంచి చెప్పాను. ఇప్పుడు కారేది ఎవరి మీద పడుతుందో చూద్దాం.

మళ్ళీ పసడీనాకే వెళ్దాం. కార్ట్‌లు తిరిగిన అదే ఊళ్ళో కాల్‌టెక్ ఉంది. అక్కడ ఆరీ హాగెన్ స్మిట్ అనే డచ్ శాస్త్రవేత్త అనాసపండు వాసనలో ఏమేం రసాయనాలున్నాయో పరిశోధించేవాడు. బయట లాస్ ఏంజెలెస్ అప్పటికే స్మాగ్‌తో కళ్ళు మండిపోతూ ఉండేది. 1943 జులై 26న అది ఎంత కమ్ముకుందంటే, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమోనని జనం భయపడ్డారు. హాగెన్ స్మిట్ అనాసపండు వాసనని పట్టినట్టే ఊరి గాలిని పట్టి చూశాడు. 1952 నాటికి లెక్క తేల్చాడు. కాలని పెట్రోల్ ఆవిరి, ఇంజన్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎండ, ఈ మూడూ కలిస్తే ఓజోన్ పుడుతుంది, స్మాగ్ అదే. వంచిన రబ్బరు ముక్క మీద పగుళ్ళు ఎంత వేగంగా వస్తాయో చూసి ఓజోన్‌ని కొలిచేవారు.

కాలని పెట్రోల్ ఆవిరి అంటే పొగ గొట్టంలోంచి వచ్చేదొక్కటే కాదు. ఎండలో బండి ఆపాక ఇంజన్ వేడికి గిన్నెలో పెట్రోల్ ఆవిరై వెంట్ లోంచి మెల్లగా బయటికి పోతుంది. ఒక్క బండికి అది లెక్కలోది కాదు. లక్షల బండ్లకి అది ఊరి ఊపిరి. అందుకే కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్లకి, అమెరికా అంతటా 1971 మోడల్ నుంచి ఆ దారిని బొగ్గు డబ్బాకి కలపాలని రూల్ వచ్చింది. ఆవిరిని బొగ్గు పట్టుకుంటుంది, ఇంజన్ నడిచినప్పుడు దాన్ని పీల్చి కాల్చేస్తుంది. హాగెన్ స్మిట్ తర్వాత కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డుకి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ బోర్డు పొట్టి పేరు ఏంటో తెలుసా? కార్బ్!

మన దేశంలో బైకులకి ఆ బొగ్గు డబ్బా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4తో వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చాక కొత్త బైకుల్లో కార్బ్యురేటరే దాదాపు పోయింది, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అమెరికా నాస్కార్ పెద్ద రేసులు కూడా 2012లో కార్బ్యురేటర్‌కి సెలవు చెప్పాయి. కార్ట్‌లలో మాత్రం ఇంకా బతికే ఉంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మెకానికల్ బ్రాంచ్ పిల్లలు పాత బైక్ ఇంజన్ తెచ్చి కార్ట్ కట్టి పోటీలకి వెళ్తుంటారు కదా, వాళ్ళ వర్క్‌షాప్‌లో కూడా బతికే ఉంది. ఈ కథ వాళ్ళకి కచ్చితంగా పనికొస్తుంది.

ఎందుకంటే కార్ట్‌లో పొర్లిన పెట్రోల్‌కి నాలుగు చోట్లున్నాయి, నాలుగూ చెడ్డవే. ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ మీద పడితే మంట. బ్రేక్ డిస్క్ మీద పడితే టూ స్ట్రోక్ పెట్రోల్‌లో కలిపిన నూనె వల్ల బ్రేక్ జారుతుంది. సొంత టైరు మీద పడితే తను జారతాడు. ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాడు జారతాడు. తప్పు ఎవరిదో అతనికి తెలియను కూడా తెలీదు. అందుకే గొట్టం చివర సీసా పెట్టడం. సీసా ఖరీదు టీ ఖరీదంత. అది కాపాడేది మాత్రం మనల్ని ఒక్కళ్ళనే కాదు.

ఆ సీసా పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్పేస్తాను. మూతకి చిన్న చిల్లు ఉండాలి. లేకపోతే సీసా కూడా మూసిన నూనె డబ్బా అయిపోతుంది, ఇంజన్‌కి ఊపిరాడదు. గొట్టం మధ్యలో ఊయల లాగా కిందికి వేలాడకూడదు. ఆ వంపులో కాస్త పెట్రోల్ నిలిచినా అది బిరడాలా పని చేసి గాలిని ఆపేస్తుంది. కార్బ్యురేటర్ నుంచి ముందు పైకి లేచి, తర్వాత వాలుగా సీసాలోకి దిగాలి. పై వంపు దగ్గర ఒక కోత పెట్టినా, టీ ముక్క వేసినా, కింద మూసుకుపోయినప్పుడు గాలి అక్కడి నుంచి వస్తుంది. మీ పోటీ రూల్ బుక్ ఏం చెబుతుందో మాత్రం ముందు చూసుకోండి, కొన్ని తరగతుల్లో గొట్టం ఎలా ఉండాలో కూడా వాళ్ళే రాస్తారు. జిప్ టై బిగించేటప్పుడు గొట్టం నొక్కుకుపోకూడదు. చెయిన్‌కి, డిస్క్‌కి, ఎగ్జాస్ట్‌కి దూరంగా పోవాలి. గట్టిపడిపోయిన గొట్టాన్ని సీజన్ ఆగకుండా మార్చేయండి.

చివరిగా సీసా గురించి ఒక మాట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మాకు బాగా నూరిపోసింది ఏంటంటే, ఎర్రర్ వస్తే మింగేయొద్దు, లాగ్ ఫైల్‌లో రాయి, పొద్దున్నే తెరిచి చదువు. ఈ సీసా అలాంటి లాగ్ ఫైలే. ప్రతి సెషన్ తర్వాత తీసి చూడండి. అడుగున నాలుగు చుక్కలుంటే అది మలుపుల్లో ఒలికింది, కంగారు లేదు. సగం నిండిందంటే నీడిల్ వాల్వ్ మూసుకోవడం లేదు, లేదా ఫ్లోట్ ఎత్తు తప్పింది, లేదా పంపు ఒత్తిడి ఎక్కువైంది. బండి ఆపి ఉన్నప్పుడు కూడా చుక్కలు పడుతున్నాయంటే ఆ రోజు ఆ కార్ట్ ట్రాక్ ఎక్కకూడదు, కార్బ్యురేటర్ విప్పాల్సిందే. గొట్టాన్ని గాలికి వదిలేసిన వాడికి ఈ సంగతులేవీ తెలియవు. అతని ట్రాక్‌కి తెలుస్తాయి, వెనక వచ్చేవాడికి తెలుస్తాయి.

మూడొందల ఎనభై ఏళ్ళ కింద టోరిచెల్లి చూపించిన ఆ గాలి బరువు లేకుండా కార్బ్యురేటర్ నడవదు. అది లోపలికి రావాలంటే చిల్లు కావాలి. చిల్లు ఉంటే కారుతుంది. మంచి ఇంజినీరు అది కారదని అనుకోడు, కారేది ఎటు పోవాలో ముందే ఆలోచించి పెడతాడు.

ఈ ఎపిసోడ్ ఇంతే. కార్ట్ కడుతున్న కాలేజీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా తెలిసుంటే వాళ్ళకి పంపండి, ఈ వారం వాళ్ళ గొట్టాలు ఒకసారి చూసుకుంటారు. వచ్చే ఎపిసోడ్‌లో స్పార్క్ ప్లగ్ కథ చెప్పుకుందాం. ఉంటాను, జాగ్రత్తగా తోలండి.